చింతమోడు – చిత్తమూలము

శ్రియఃపతి యగు శ్రీమన్నారాయణుని సృష్టిలో వృక్షము వంటి ఉపకారి అరుదు. అది తాను ఎండలో నిలిచి ఇతరులకు నీడ నిచ్చును. రాయి రువ్వినవానికి సైతము పండు నిచ్చును. అట్టి చెట్టే నఱకబడి మొదలు మాత్రము మిగిలినప్పుడు నీడయు నీయదు, పండును ఈయదు, నడచువానికి త్రోవయు నీయదు. అట్టి మొదలును తెలుగున మోడందురు. సంస్కృతమున దానికి స్థాణువని పేరు.

ఈ స్థాణుశబ్దము పెద్దల గ్రంథములలో పలుచోట్ల వినవచ్చును. మసకచీకటిలో దూరమున నిలిచినది మోడో మనుష్యుడో తేల్చుకొనలేకపోవుటను తార్కికులు సంశయమునకు ఉదాహరణముగా చెప్పుదురు. వేదమును కంఠస్థము చేసియు అర్థము నెఱుగనివాడు బరువు మోయు మోడు వంటివాడని యాస్కుడు నిరుక్తమున హెచ్చరించెను. శ్రీవిష్ణుసహస్రనామములలోనో, స్థాణు వనునది భగవంతుని తిరునామము. చలింపక స్థిరముగా నుండువాడని దాని యర్థము. ఒకే శబ్దము ఒకచోట స్తుతియై, మఱియొకచోట నింద యగుట గమనింపదగినది. కదలకుండుట భగవంతునియందు కల్యాణగుణము. అదియే జీవుని యహంకారమునందు చేరినచో మొండితన మగును. పెరటిలో మోడును పెకలించుట యెంత కష్టమో, మనస్సులో నాటుకొన్న పగను పెకలించుటయు అంత కష్టము. రెండింటికిని ఉపాయ మొక్కటియే యని విచారించినచో తెలియును.

చింత చచ్చినను పులుపు చావదు

చింత చచ్చినా పులుపు చావదని తెలుగువారి సామెత. ముసలితనము వచ్చినను కోరిక తీరనివానిని గూర్చి దీనిని వాడుట పరిపాటి. చెట్లను నఱకువారి యనుభవములో ఈ మాట అక్షరాల నిజము. చింతచెట్టును కొట్టివేసిన కొన్ని వారములకే మోడు చుట్టును ఎఱ్ఱని లేతచిగుళ్ళు గుంపుగా లేచును. వానిని గిల్లినచో మఱికొన్ని లేచును. ఆకులు లేని మోడునకు ఆహార మెక్కడిదని అడుగవచ్చును. చెట్టు పచ్చగా నున్న కాలమున ఆకులు వండిన ఆహారమును వేళ్ళు తమలో దాచుకొనియుండును. బెరడు క్రింద నిద్రించు మొగ్గలు ఆ నిలువ వలన మేల్కొనును. కావున పైకొమ్మను నఱకుట చెట్టును చంపుట కాదు. ఒక్కొక్కప్పుడు అది మఱింత గుబురుగా పెరుగుటకే కారణ మగును.

ఈ సత్యమును బృహదారణ్యకోపనిషత్తు ఒక గొప్ప ప్రశ్నగా మలచినది. జనకుని సభలో యాజ్ఞవల్క్య మహర్షి, తన్ను ప్రశ్నించిన బ్రాహ్మణులను తానే తిరిగి ప్రశ్నించెను. నఱకిన చెట్టు వేరునుండి మరల మొలచుచున్నది. మృత్యువు నఱకిన మనుష్యుడు ఏ మూలమునుండి మరల మొలచుచున్నాడని ఆయన యడిగెను. వేరుతో సహా పెకలించిన చెట్టు మరల మొలవదనియు ఆ సందర్భముననే చెప్పెను. ఆ సభలో ఎవరును బదులు పలుకలేదు.

గీతాచార్యుడు రెండవ యధ్యాయమున దీనికి సమీపమైన మాటనే వేఱొక విధముగా బోధించెను. ఆహారము మానినవానికి విషయములు తొలగిపోవును గాని, వానియందలి రసము తొలగదు. పరమాత్మను దర్శించినప్పుడే ఆ రసమును తొలగును. ఇచట రసమనగా రుచి, లోపలి ఆశ. తెలుగున చెట్టులోని నీటిని గూడ రస మనియే అందుము. కొమ్మ పోయినను వేరులో రసమున్నంత కాలము మోడు చిగుర్చును. మాట మానినను మనస్సులో రసమున్నంత కాలము పగ చిగుర్చును.

చింతచెట్టును గూర్చి చెప్పునప్పుడు ఒక మాట మఱువరాదు. శ్రీవైష్ణవులకు చింత పరమపూజ్యము. ఆళ్వార్ తిరునగరిలో నమ్మాళ్వారులు చింతచెట్టు నాశ్రయించి 16 ఏండ్లు యోగనిష్ఠలో నుండిరని సంప్రదాయము. అచటనే మధురకవులు వారిని సేవించిరి. కావున దోషము చెట్టుది కాదు. దానిని తెగనఱకి, మొదలు విడిచి, దానిచుట్టు పంతములు పెంచుకొను మనుష్యునిదే దోషము.

ఒక దృష్టాంతము

గోదావరీ తీరమున ఒక గ్రామములో అన్నదమ్ము లిద్దరు ఉండిరని ఊహింపుడు. తండ్రి పరమపదించిన పిమ్మట ఆస్తి పంచుకొనిరి. ఒకే లోగిలి రెండిండ్లయ్యెను. పెరటిలో తండ్రి నాటిన చింతచెట్టు సరిగా హద్దుమీద పడెను. తమ్ముడు ఒకనాడు అన్నకు చెప్పకయే దానిని కొట్టించి, కలపను అమ్మివేసెను. అన్న ఊరినుండి వచ్చి చూచునప్పటికి నడుమెత్తు మోడు మాత్రము నిలిచియుండెను. ఆ దినము మొదలు వారి మధ్య మాటలు నిలిచిపోయినవి.

మోడును తీయుట యెవరి పని? కొట్టించినవాడే తీయవలెనని అన్న పట్టుదల. సగము అన్నభాగములో నున్నది గనుక సగము కర్చు ఆయనదే యని తమ్ముని పట్టుదల. అన్నకూతురి వివాహము సమీపించెను. వియ్యాలవారి కంట పడరాదని అన్న ఆ మోడును నేలమట్టముగా కోయించి, పైన మట్టి కప్పించి, పేడతో అలికించి, ముగ్గు పెట్టించెను. చూచువారికి చెట్టున్న జాడయే లేదు. మొదటి వానకు ముగ్గు చెరిగి, మట్టి కరిగి, చిగుళ్ళు బయటకు వచ్చెను.

తమ్ముడు చిగుళ్ళమీద కిరసనాయిలు పోయించెను. చిగుళ్ళు మాడినవి, మరల మొలచినవి. అన్న ఉప్పు బస్తా తెచ్చి గుమ్మరించెను. మోడునకేమియు కాలేదు గాని, ప్రక్కనున్న తులసికోటలో తులసి యెండిపోయెను. ఎండుటాకులు పోగుచేసి నిప్పు పెట్టిరి. పచ్చి మోడు పైన నల్లబడెనే గాని వేరు కాలలేదు. మట్టి త్రవ్వు యంత్రమును రప్పింపగోరిరి. ఇంటి ప్రక్క సందు సన్నమగుటచే అది పెరటిలోనికి రాలేకపోయెను. మొలచిన చిగుళ్ళను కొడవలితో కోయుచు కాలము గడపిరి. కోసినకొలది వాని మొదళ్ళు గట్టిపడి మేకులవలె నిలిచెను.

వారి తల్లి మాత్రము ప్రతిదినము సంధ్యవేళ పెద్దకొడుకింట దీపము వెలిగించి, ఆ హద్దు దాటి చిన్నకొడుకింట దీపము వెలిగించుటకు పోవుచుండెడిది. ఒకనాటి సాయంకాలము మసకచీకటిలో ఆమె కాలు ఆ మేకులకు తగిలెను. ఆమె పడెను. తుంటి యెముక విఱిగెను. వైద్యశాల నుండి తీసికొని వచ్చు దినమున కొడుకు లిద్దరును చెఱియొక ప్రక్క నిలిచిరి. ఇద్దరును తల్లితో మాటాడుచున్నారు. ఒకరితో నొకరు మాటాడుట లేదు. ఆమె వారిని నిందింపలేదు. ఒక్కటే అడిగెను.

"నాయనా, నా మంచము ఎవరి యింట వేయుదురో మీరిద్దరు మాటాడుకొని చెప్పుడు."

దానికి బదులు చెప్పవలెనన్న ఒకరితో నొకరు మాటాడవలెను. ఆ ఒక్క పనియే వారికి చేతకాలేదు. తల్లి మంచము ఆ రాత్రి వీథి అరుగుమీదనే యుండెను.

ముసలివాని యుపదేశము

మఱునాడు ఉదయము, చెట్లు కొట్టుటలో తల నెరసిన వృద్ధు డొకని పిలిపించిరి. అతడు మోడు చుట్టును తిరిగి చూచి, గునపముతో నాలుగు చోట్ల పొడిచి చూచి, ఇట్లు చెప్పెను.

"బాబుగారూ, దీన్ని నేలమట్టంగా ఎందుకు కోయించారండీ? నడుమెత్తు మొదలు ఉంటే మోకు కట్టి ఊపడానికి పట్టు ఉండేది. కనపడకుండా చేద్దామని పట్టు పోగొట్టుకున్నారు. ఇంకో మాటండీ. దీని వేళ్ళు అటు మీ దొడ్లో ఉన్నాయి, ఇటు చినబాబుగారి దొడ్లో ఉన్నాయి. ఒక పక్కే తవ్వితే నూరేళ్ళైనా కదలదు. ఎవరి పక్క వాళ్ళు తవ్వాలి."

అతడు మొదట మోడుకు చేతులు జోడించెను. తొఱ్ఱలో ఏ ప్రాణియైన నున్నదేమో చూచి, చీమలపుట్టను పారతో మెల్లగా దూరము చేసెను. చెట్టును ఛేదించుటకు ముందు దానిని పూజించి, అందు వసించు భూతములను వేఱుచోట నివాస మేర్పఱచుకొనుడని ప్రార్థింపవలెనని వరాహమిహిరుడు బృహత్సంహితలో విధించెను. ఆ వృద్ధుడు ఆ గ్రంథమును చదివినవాడు కాడు. ఆచారము అతనికి తండ్రి తాతల వలన వచ్చినది.

ముందు రోజంతయు నేలకు నీరు పట్టిరి. పిమ్మట మోడుకు రెండు మూరల దూరమున చుట్టును కందకము త్రవ్వసాగిరి. అన్న తనవైపునను, తమ్ముడు తనవైపునను దిగిరి. వేరు కనబడగానే గొడ్డలి యెత్తబోయిన తమ్ముని ముసలివాడు ఆపెను. వేరును అంటుకొన్న మట్టిలో ఇసుకయు రాళ్ళును ఉండును. వానిమీద కొట్టినచో గొడ్డలి పదును పోవును. ముందు నీటితో వేరును కడుగవలెను, తరువాతనే కొట్టవలెను. ఒకచోట నఱకి విడువక, రెండుచోట్ల నఱకి నడిమి ముక్కను తీసివేయవలెను.

రెండు దినములు అన్నదమ్ములు ఒకే గోతికి ఇరువైపుల పని చేసిరి. మాట లేదు. మూడవనాడు ప్రక్కవేళ్ళన్నియు తెగినవి. మోడు ఇంకను కదలలేదు. అడుగున తల్లివేరు మిగిలెను. అది అన్నవైపుది కాదు, తమ్మునివైపుది కాదు. రెండు కందకములును దానిక్రింద కలిసినవి. ఎదురెదురుగా కూర్చుండి, ఒకరి ముఖ మొకరు చూడక తప్పని చోటది. కొంతసేపు గడచినది. అప్పుడు అన్న అనెను.

"తమ్ముడూ, ఆ గునపం ఇటు అందించు."

తమ్ముడు అందించెను. తల్లివేరు తెగుటకు జాముసేపు పట్టినది. మోకును మెడవేళ్ళ క్రిందుగా చుట్టి, దూలమును మీటగా వేసి, వీథివారు కూడ చేయివేసి లాగగా మోడు పెళపెళ ధ్వనితో వెలికివచ్చెను. ఆ సాయంకాలము తల్లి మంచము పెద్దకొడుకింట వేయబడెను. ఆమెకు అన్నము చిన్నకొడుకింటి నుండి వచ్చెను. హద్దులోని కంచె మరల కట్టబడలేదు.

దృష్టాంతమునకు దార్ష్టాంతికము

ఈ కథలోని ప్రతి పనియు చిత్తశుద్ధికి పాఠము. దోషమును నేలమట్టముగా కోసి ముగ్గు పెట్టుట లోకములో మిక్కిలి వాడుక. పండుగనాడు నవ్వుముఖము, పెండ్లినాడు పలకరింపు, లోపల మోడు అట్లే యుండుట. అట్లు కప్పిపుచ్చుకొన్నవానికి దోషము కనబడదు. కనబడనిదానిని పట్టి లాగుట యెట్లు? తన తప్పు తన కంటికి కనబడునట్లు నిలుపుకొన్నవానికి పట్టు దొరకును. ఆచార్యసన్నిధిలో తన నైచ్యమును దాపరికము లేక విన్నవించుకొనుటను పూర్వులు గొప్ప గుణముగా చెప్పుటకు కారణ మిదియే.

ఉప్పును కిరసనాయిలును పోయుట, కోపముతో కోపమును చంపజూచుట. దానివలన పగ చావదు, ప్రక్కనున్న తులసి చచ్చును. ఇంటి పెద్దల కలహములలో మొదట వాడిపోవువారు పిల్లలును, వృద్ధులును గదా!

వేరును కడిగి కొట్టుమన్న మాట సూక్ష్మమైనది. ఎదుటివాని మాటను పూర్తిగా వినక, జరిగినదానిని జరగనిదానినుండి వేఱుపఱుపక, వెంటనే వాదమునకు దిగువాని బుద్ధి మట్టిమీద కొట్టిన గొడ్డలివలె మొద్దుబాఱును. ఇక ఎవరివైపు వారు త్రవ్వవలెనన్నది అన్నిటికంటె ముఖ్యము. ఎదుటివాని పెరటిలోని వేళ్ళను లెక్కించుట సులభము. తన పెరటిలోని వేళ్ళమీద గొడ్డలి వేయుటయే సాధన.

గీతలో పదునైదవ యధ్యాయమున భగవానుడు సంసారమును అశ్వత్థముగా వర్ణించెను. దాని మూలము పైన, కొమ్మలు క్రింద. క్రిందికి ప్రాకిన వేళ్ళు మనుష్యలోకమున కర్మములతో బంధించునవి. బాగుగా పాదుకొన్న ఆ వృక్షమును అసంగ మను దృఢమైన ఆయుధముతో ఛేదింపవలెనని ఆయన యాజ్ఞ. భగవద్రామానుజులు తమ భాష్యమున ఈ అసంగము యథార్థజ్ఞానము మూలముగా గలదని వివరించిరి. జ్ఞానము లేని విరక్తి పిడి లేని గొడ్డలి వంటిది. అది కొట్టినవాని చేతినే కోయును. ఛేదించుటతో ఉపదేశము ముగియలేదు. వెంటనే ఆద్యుడగు పురుషుని శరణు పొందుటయు చెప్పబడినది. తన బలమున కొంత నఱకవచ్చును. తల్లివేరు మాత్రము శరణాగతి లేక తెగదు.

శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున ఒక చమత్కార మున్నది. ప్రహ్లాదుని గురువులు కోపించి, దైత్యులను చందనవనమును వేరుతో నఱకు గొడ్డలి విష్ణువు, ఈ బాలుడు ఆ గొడ్డలికి పిడి యని నిందించిరి. వారు నిందగా నన్నది భక్తునకు బిరుదమైనది. పిడి తాను నఱకదు. నఱకువాని చేతిలో ఒదుగును. అట్లు ఒదుగుటయే దాని గొప్పతనము.

మద్దులను కూల్చిన బాలుడు

మోడును పెకలించు పనిలో భగవంతుని పాత్రను తెలుపు ఘట్టము దశమస్కంధములోని యమళార్జున భంజనము. కుబేరుని కుమారులు నలకూబర మణిగ్రీవులు ఐశ్వర్యమదమునను, మద్యమదమునను మునిగి, నారదమహర్షి యెదుటపడినను సిగ్గు లేక వస్త్రములు ధరింపక నిలిచిరి. చెట్లవలె నిలిచినవారు చెట్లే కమ్మని మహర్షి శపించెను. శాపముతోపాటు అనుగ్రహమును ఇచ్చెను. నూఱు దివ్యవర్షముల పిమ్మట వాసుదేవుని సాన్నిధ్యమున విముక్తి కలుగునని చెప్పెను. వారు గోకులమున జంట మద్దిచెట్లై నిలిచిరి.

వెన్న దొంగిలించిన బాలకృష్ణుని యశోద కట్టబోయెను. ఎన్ని త్రాళ్ళు ముడివేసినను రెండంగుళములు తక్కువయ్యెను. ఒక యంగుళము జీవుని ప్రయత్నమునకును, ఒక యంగుళము భగవంతుని కృపకును గుర్తని పెద్దలు వ్యాఖ్యానింతురు. తల్లి అలసట చూచి స్వామి తానే కట్టుబడెను. కట్టుబడిన ఆ బాలుడే రోటిని ఈడ్చుకొని చెట్లనడుమ దూరెను. రోలు అడ్డుపడెను. ఒక్క యీడ్పుతో రెండు చెట్లును వేళ్ళతో సహా కూలినవి. అందుండి వెలువడినవి శవములు కావు. చేతులు జోడించిన దివ్యపురుషు లిద్దరు వెలువడిరి.

ఇచట రహస్య మేమన, చెట్లను పెకలించినది ఆయుధము కాదు. తల్లి ప్రేమకు కట్టుబడిన స్వామి నడుమునకున్న త్రాడు. లోకములోని మోడులను మోకు కట్టి లాగుదురు. చిత్తములోని మోడును దామోదరుని త్రాటికి కట్టవలెను. భక్తితో కట్టుబడినవాడు లాగినప్పుడు నూఱేండ్ల గర్వమైనను నిలువదు. మఱియు ఆయన చెట్టును కూల్చునే గాని చెట్టుగా నున్నవానిని చంపడు. పగ పోయినప్పుడు పగవాడును బ్రతుకును, తానును బ్రతుకును.

గోతిని పూడ్చుట

మోడు పోయినచోట గొయ్యి మిగులును. దానిని అట్లే విడిచినచో వాననీరు నిలిచి, పసిపిల్లలకు ప్రమాద మగును. మట్టి పోసి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టి, క్రుంగినచో మరల పోయవలెను. లోతున మిగిలిన వేళ్ళు మురిగినకొలది నేల కొంతకాలము దిగుచునే యుండును. అందుచే ఒకనాడు పూడ్చి మఱచిపోరాదు. చిత్తమునందును ఇంతే. పగను విడిచితినని ఒకనాడు చెప్పుటతో పని ముగియదు. పాత మాట జ్ఞప్తికి వచ్చినప్పుడెల్ల ఆ చోట నేల కొంచెము క్రుంగును. దానిని మరల పూడ్చుకొనవలెను.

పూడ్చినచోట ఏదియైన నాటవలెను. ఉత్త నేలలో కలుపు మొలచుట సహజము. పరదర్శనము చేతనే రసము తొలగునని గీతావాక్య తాత్పర్యము గదా! కావున పగ పోయిన మనస్సున భగవద్గుణములను నాటవలెను. నాటుటకు పెద్ద యనుష్ఠానములు అక్కఱలేదు. ఉదయమున తిరువారాధన సమయమున ఇంటివారందఱును ఒకచోట చేరి తీర్థము పుచ్చుకొనుట, ఏకాదశినాడు ఉపవాసముతోపాటు పరుషవాక్కును మానుట, తీర్థయాత్రకు బయలుదేరుటకు ముందు మాటలు మానిన బంధువునింటికి ముందుగా పోయి పలకరించి వచ్చుట చాలును. కొండ యెక్కుటకు ముందు ఆ గడప ఎక్కినవాని యాత్ర ఇంటివద్దనే మొదలైనట్లు. అన్నదమ్ముల యింటి కంచె దాటలేనివాడు ఎన్ని గోపురములు దాటినను ఏమి లాభము?

పెకలించిన మోడును కొందఱు ఎండబెట్టి వంటచెఱకుగా వాడుకొందురు. నిన్న కాలికి తగిలినదే నేడు పొయ్యిలో మండి, స్వామికి నైవేద్యము వండును. పోయిన పగయు అట్లే. దానిని జయించినవాని యనుభవము మఱియొక యింటి కలహమును చల్లార్చుటకు ఉపకరించును.

యశోదమ్మ త్రాటికి కట్టుబడిన దామోదరుడు, పాఠకుల గృహములందును హృదయములందును మిగిలియున్న మోడులను వేరుతో పెకలించి, ఆ చోట తులసిని నిలుపుగాక!

శ్రీకృష్ణార్పణమస్తు.